ఊడిన పన్ను అడుగు చూడండి

జమ్మలమడుగు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారికి 68 ఏళ్లు. ఎనిమిది నెలల కిందట పై దవడకు పూర్తి పళ్ల సెట్టు కట్టించారు. నాలుగో నెలలో ముందు పన్ను ఒకటి ఊడింది. అతికించి ఇచ్చారు. ఆరు వారాలకు మళ్లీ ఊడింది, మళ్లీ అతికించారు. మొన్న సంగటి తింటా ఉంటే మూడోసారి ముద్దలోకి వచ్చేసిందట. పళ్లు నాసిరకమా, పింగాణీ పళ్లు పెట్టించాలా, ఈలోగా ఇంట్లో ఫెవిక్విక్ పెట్టి అతికించుకోవచ్చా అని అడిగారు.

నేను కడపలో 27 ఏళ్లుగా డెంటల్ ల్యాబ్ పని చేస్తున్నాను. డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపితే సెట్టు తయారు చేసేది మాలాంటి వాళ్లమే. చిగుళ్లు, దవడ ఎముక గురించి డాక్టరే చెప్పాలి. బేస్ (పళ్లను పట్టి ఉంచే గులాబీ రంగు భాగం) నుంచి పన్ను ఎందుకు విడిపోతుందనేది మాత్రం నేను రోజూ చేతుల్లో పట్టుకుని చూసే విషయం, కాబట్టి దాని గురించి వివరంగా చెప్తాను.

ఫెవిక్విక్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ జవాబు చదివేలోపే పెట్టేస్తారేమోనని నా భయం. దయచేసి పెట్టకండి. ఆ గమ్ము పన్ను అడుగున గట్టి పొరలా కట్టుకుంటుంది. తర్వాత ల్యాబ్‌లో సరిగా అతికించాలంటే ఆ పొరంతా మిషన్‌కు తిరిగే చిన్న ముక్కుతో, అంటే బర్‌తో అరగదీయాలి. దాంతో పాటు పన్ను కూడా కొంత అరిగిపోతుంది, గుంటలో సరిగ్గా కూర్చునే ఆకారం పోతుంది. పైగా చేత్తో అతికించిన పన్ను వెంట్రుకవాసి పక్కకు జరిగినా నోరు మూయగానే కింది పన్ను ముందు దానికే తగులుతుంది. రెండు మూడు వారాల్లో మళ్లీ ఊడుతుంది, ఈసారి పక్క పన్నును కూడా వదులు చేసి పోతుంది. ఊడిన పన్నును కడిగి చిన్న డబ్బాలో వేసి పెట్టండి, పారేయకండి. ఇంకో పన్ను ఏదైనా కదులుతూ ఉంటే సెట్టు వాడకుండా తీసి నీళ్లలో ఉంచండి. నిద్రలో ఊడి గొంతులోకి, ఊపిరి గొట్టంలోకి పోతే పెద్ద ప్రమాదం. ఆక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) పన్ను మామూలు ఎక్స్‌రేలో కనిపించదు కూడా.

ఇక అసలు విషయం. సెట్టులో గులాబీ రంగు బేస్ ఆక్రిలిక్, అందులోని పళ్లు కూడా చాలావరకు ఆక్రిలికే. రెండూ ఒకే జాతివి. అందుకే వాటి మధ్య గమ్ము అవసరం లేదు. బేస్ తయారీకి పౌడర్‌లో ఒక లిక్విడ్ కలుపుతాం, దాన్ని మోనోమర్ అంటారు. ఆ మోనోమర్ పన్ను అడుగుభాగంలోకి ఇంకి, దాన్ని కొంచెం ఉబ్బేలా చేసి, లోపలికి చొచ్చుకుపోతుంది. వేడి తగిలాక అక్కడే గట్టిపడుతుంది. బేస్ అణువుల దారాలు, పన్ను అణువుల దారాలు ఒకదానిలో ఒకటి పేనుకున్న తాడులా అయిపోతాయి. కుమ్మరి కుండకు చెవి అంటించేటప్పుడు చూశారా? మట్టి పచ్చిగా ఉన్నప్పుడే తడి చేసి నొక్కుతాడు. అప్పుడది అతుకులా ఉండదు, ఒకే మట్టి అయిపోతుంది. మధ్యలో కాస్త నూనె చుక్క పడిందా, ఆవంలో కాలిన తర్వాత చెవి చేతికి వచ్చేస్తుంది. పళ్ల సెట్టులోనూ అంతే జరుగుతుంది.

అందుకే ఎవరైనా పన్ను ఊడిందని వస్తే నేను సెట్టు కంటే ముందు పన్ను అడుగు చూస్తాను. తుడిచి, ఆరబెట్టి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూస్తాను. అడుగంతా నున్నగా మెరుస్తూ గులాబీ రంగు జాడే లేకపోతే ఆ పన్ను అసలు అతకనేలేదని అర్థం. ఇన్నాళ్లూ గుంటలో పట్టుగా కూర్చుని ఉంది, అంతే. అడుగున గులాబీ రంగు ముక్కలు పీక్కుని వచ్చి ఉన్నా, పన్నులో కొంత ముక్క బేస్‌లోనే ఉండిపోయినా అతుకు బాగా పడిందనే అర్థం. అప్పుడు తప్పు అతుకుది కాదు, దాని మీద మోయలేనంత బరువు పడింది. ఈ రెండు రకాలకు చేయాల్సిన వైద్యం వేరు. తేడా చూడకుండా అతికించి పంపితే మీ నాన్నగారికి జరిగినట్టే మూడుసార్లు తిరగాల్సి వస్తుంది.

ఇదేదో మన దగ్గరే ఉన్న బాధ అనుకోకండి. బ్రిటన్‌లో 1994లో ప్రచురించిన ఒక సర్వేలో రిపేరుకు వచ్చిన సెట్లలో దాదాపు మూడో వంతు పళ్లు ఊడినవే. ఊడేవి కూడా ఎక్కువగా ముందు పళ్లే.

నున్నగా ఊడే పళ్లకు మొదటి కారణం మైనం. సెట్టును ముందు మైనంలో తయారు చేసి, అందులో పళ్లు అమర్చి, నోట్లో పెట్టి చూశాక, ఇత్తడి అచ్చుపెట్టెలో, అంటే ఫ్లాస్క్‌లో ప్లాస్టర్, స్టోన్ (గట్టి రకం ప్లాస్టర్) పోసి పాతిపెడతాం. తర్వాత ఫ్లాస్క్‌ను మరిగే నీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి తెరుస్తాం. మెత్తబడిన మైనాన్ని ముద్దగా లాగేస్తే పళ్లు ప్లాస్టర్‌లో బోర్లా మిగులుతాయి, అడుగులు పైకి కనిపిస్తూ. అక్కడికి పని అయిపోయినట్టే కనిపిస్తుంది కానీ కాలేదు. కంటికి కనపడని పలచని మైనం పొర ఇంకా ఆ అడుగుల మీద ఉంటుంది. మరిగే శుభ్రమైన నీళ్లు ధారగా పోయాలి, సబ్బు నీళ్లతో బ్రష్ చేయాలి, మళ్లీ మరిగే శుభ్రమైన నీళ్లతో కడగాలి. చాలాచోట్ల ఏం చేస్తారంటే పొద్దున ఒక గిన్నెలో నీళ్లు మరిగించి సాయంత్రం దాకా అవే నీళ్లలో ఫ్లాస్కుల మీద ఫ్లాస్కులు ముంచుతారు. పదో ఫ్లాస్క్ వచ్చేసరికి రసం మీద నూనె తేలినట్టు నీళ్ల మీద మైనం తేలుతూ ఉంటుంది. అందులోంచి తీసిన ప్రతి పన్నుకూ ఆ జిడ్డు అంటుకుంటుంది.

నా దగ్గర పని నేర్చుకునే పిల్లలకు నీటి బొట్టు పరీక్ష చెప్తాను. కడిగిన పన్ను అడుగు మీద ఒక చుక్క నీళ్లు వేసి చూడమంటాను. తామరాకు మీద నీళ్లలా గుండ్రంగా నిలబడితే మైనం ఉన్నట్టే. పలచగా పరుచుకుంటే ముందుకు పోవచ్చు.

రెండో కారణం కోల్డ్ మోల్డ్ సీల్. ఆక్రిలిక్ ప్లాస్టర్‌కు అంటుకోకుండా దాని మీద బ్రష్‌తో పూసే ద్రవం అది. అందులో ఉండే సోడియం ఆల్జినేట్ ప్లాస్టర్‌లోని కాల్షియంతో కలిసి పలచని పొర కడుతుంది. ప్లాస్టర్‌కు మాత్రమే పూయాలి. పన్నుకు తగిలితే పన్నుకూ బేస్‌కూ మధ్య అడ్డుగోడ కట్టినట్టే.

ఈ పాఠం నేను కష్టంగా నేర్చుకున్నాను. పనిలో చేరిన మొదటి ఏడాది, మా గురువుగారి ల్యాబ్‌లో, ఒక సెట్టుకు సీల్ పూయమని చెప్పారు. నేను తొందరలో ప్లాస్టర్, పళ్లు అని చూడకుండా అంతా పూసేశాను. రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామెది ఆ సెట్టు. నెల తిరగకుండా ఆమె మూడు ముందు పళ్లు చీరకొంగులో మూటకట్టుకుని వచ్చింది. "ఇంటికి చుట్టాలు వచ్చినారు నాయనా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడినాను" అంది. గురువుగారు ఆమెను కూర్చోబెట్టి, ఆ మూడు పళ్లు నా అరచేతిలో పెట్టి, గోరుతో అడుగు గీకమన్నారు. గోరు గాజు మీద జారినట్టు జారింది. ఒక్క మాట అనలేదు ఆయన. ఆ రోజు ఆమె సెట్టు రిపేరు మొత్తం నాతోనే చేయించారు. ఇప్పటికీ సీల్ పూసేటప్పుడు ఆ కొంగు మూట గుర్తొస్తుంది. పొరపాటున పన్నుకు తగిలితే దూదిని మోనోమర్‌లో ముంచి తుడుస్తాను, అనుమానం ఉంటే అడుగును మళ్లీ బర్‌తో గరుకు చేస్తాను.

గరుకు చేయడం అన్నాను కాబట్టి అది కూడా చెప్తాను. కంపెనీ నుంచి వచ్చే పన్ను అడుగు నున్నగా, మెరుపుతో ఉంటుంది. ఆ మెరుపు తీసేసి, చిన్న గాడి గానీ గుంట గానీ పెట్టి, ఆక్రిలిక్ పెట్టే ముందు అడుగులను మోనోమర్‌తో తడిపితే అతుకు చాలా మెరుగవుతుంది. రిపేరు పనుల్లో అయితే మూడు నిమిషాల పాటు తడిగా ఉంచడం మంచిదని పరిశోధనల్లో కూడా తేలింది. ఒకసారి బ్రష్‌తో రాసి వెంటనే పౌడర్ చల్లేస్తే అది ఇంకడానికి టైమ్ ఎక్కడిది? పన్నుకు ఒక నిమిషం గరుకు పని అనుకుంటే, ఒక దవడ పూర్తి సెట్టుకు 14 పళ్లు. పావుగంట అదనపు పని. ఆ పావుగంటే చాలామంది మిగుల్చుకుంటారు.

మన కడప ఎండ గురించి కూడా చెప్పాలి. పుస్తకాల్లో దీని గురించి పెద్దగా ఉండదు కానీ, మే నెలలో 43 డిగ్రీలు ఉన్న రోజు ఏసీ లేని గదిలో ఆక్రిలిక్ కలిపి చూస్తే తెలుస్తుంది. కొలత మూడు పాళ్లు పౌడర్‌కు ఒక పాలు లిక్విడ్. కలిపాక ముందు తడి ఇసుకలా ఉంటుంది, తర్వాత తీగపాకంలా సాగుతుంది, ఆ తర్వాత చపాతీ పిండిలా గిన్నెకు అంటకుండా ముద్ద అవుతుంది. అచ్చులో పెట్టాల్సింది ఆ ముద్ద దశలో. ఇంకాస్త ఆగితే రబ్బరులా అవుతుంది. చలికాలంలో ముద్ద దశ తీరుబడిగా దొరుకుతుంది. ఎండాకాలంలో ఫోన్ ఒకటి మాట్లాడి వచ్చేలోపు రబ్బరు దశకు పోతుంది. రబ్బరైన ముద్దను బలవంతంగా ప్రెస్‌లో నొక్కితే ఆకారం వస్తుంది గానీ పన్ను అడుగులోకి ఇంకాల్సిన మోనోమర్ అప్పటికి అందులో మిగలదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో నేను ఆక్రిలిక్ పని పొద్దున ఆరుకే మొదలుపెడతాను. కలిపే జాడీని చల్లటి నీళ్లలో నిలబెడతాను, నీటి చెమ్మ లోపలికి పోకుండా మూత పెట్టి.

తర్వాత ఉడికించడం. ఫ్లాస్క్‌ను బిగించి 74 డిగ్రీల నీళ్లలో ఎనిమిది గంటలు ఉంచడం ఒక పద్ధతి. 74 డిగ్రీల్లో రెండు గంటలు, తర్వాత 100 డిగ్రీల్లో ఒక గంట ఇంకో పద్ధతి. మోనోమర్ 100.8 డిగ్రీలకు మరుగుతుంది. అందుకే ఒక్కసారిగా మరిగే నీళ్లలో వేస్తే లోపల బుడగలు వస్తాయి. నెమ్మదిగా వేడెక్కే ఆ గంటల్లోనే మోనోమర్ పన్నులోకి లోతుగా ఇంకుతుంది. "రేపు పెళ్లి ఉంది, సాయంత్రానికి సెట్టు కావాలి" అని ఫోన్లు వస్తాయి మాకు. వాళ్ల అవసరం నాకు అర్థమవుతుంది, అయినా ఇప్పుడు ఒప్పుకోవడం మానేశాను.

పళ్లు నాసిరకమా అని అడిగారు కదా. అయ్యుండొచ్చు గానీ నేను మొదట దాన్ని అనుమానించను. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, ఎక్కువ ధర పెట్టి కొన్న గట్టి పళ్లు కొన్నిసార్లు మామూలు పళ్ల కంటే కష్టంగా అతుకుతాయి. త్వరగా అరిగిపోకుండా ఉండాలని వాటి అణువుల మధ్య అడ్డుబంధాలు ఎక్కువ వేస్తారు. దాన్నే క్రాస్‌లింకింగ్ అంటారు. అంత బిగువుగా అల్లిన చోట మోనోమర్ సులువుగా ఇంకదు. మంచి కంపెనీలు ఇది తెలిసే పన్నును పొరలుగా చేస్తాయి, కొరికే వైపు గట్టిగా, చిగురు వైపు కొంచెం సడలుగా. చిక్కెక్కడ వస్తుందంటే, దవడల మధ్య జాగా తక్కువ ఉన్న మనిషికి పన్ను పట్టదు. అప్పుడు అడుగును బాగా అరగదీసి కూర్చోబెడతారు. అతకాల్సిన సడలు పొర కాస్తా అరిగిపోయి గట్టి పొర బయటపడుతుంది. మీ నాన్నగారి పన్ను పొడవు పక్క పన్నుతో పోల్చి చూడండి. బాగా పొట్టిగా ఉంటే ఇది కూడా ఒక కారణం కావచ్చు.

పింగాణీ పళ్లు వద్దనే చెప్తాను. పింగాణీకి ఆక్రిలిక్‌తో ఈ అణువుల అల్లిక కుదరనే కుదరదు. పూర్వం సెట్లు ముదురు రంగు గట్టి రబ్బరుతో చేసేవాళ్లు, దాన్ని వల్కనైట్ అనేవాళ్లు. అందులో పింగాణీ ముందు పళ్లకు వెనక లోహపు పిన్నులు, దవడ పళ్లకు అడుగున రంధ్రాలు ఉండేవి. అవే పట్టు. 1937 ప్రాంతంలో ఆక్రిలిక్ వచ్చాక, ఆ తర్వాత ఆక్రిలిక్ పళ్లు వచ్చాకే గదా పన్నూ బేసూ ఒకటయ్యే వీలు కలిగింది. పైగా వేడికి ఆక్రిలిక్ పింగాణీ కంటే పదింతలు వ్యాకోచిస్తుంది. వేడి కాఫీ, చల్లటి మజ్జిగ రోజూ తగులుతూ ఉంటే పింగాణీ పన్ను చుట్టూ బేస్‌లో సన్నని పగుళ్లు వస్తాయి. కింది దవడలో సొంత పళ్లు ఉంటే వాటిని కూడా పింగాణీ అరగదీస్తుంది. కంప్యూటర్‌లో డిజైన్ చేసి కోసిన బేస్‌లు, ప్రింట్ చేసిన బేస్‌లు ఇప్పుడు వస్తున్నాయి. వాటిలో పళ్లను విడిగా బాండింగ్ ద్రవంతో అతికిస్తారు కాబట్టి, వాటికి మారితే పళ్లు ఊడే సమస్య పోతుందని అనుకోకండి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అతుకు లోపాలు. బరువు సంగతి కూడా ఉంది. మీ ప్రశ్నలో ఒక విషయం రాయలేదు, కింది దవడలో నాన్నగారికి సొంత పళ్లు ఉన్నాయా? ముఖ్యంగా కింది ముందు పళ్లు? ఉంటే అవి నోరు మూసిన ప్రతిసారీ పై సెట్టు ముందు పళ్లను లోపలి నుంచి బయటకు నెడతాయి. ఎంత మంచి అతుకైనా రోజుకు వందలసార్లు అలా నెడితే ఒకనాటికి విడిపోతుంది. అప్పుడు డాక్టర్ దగ్గర కొరుకు సరిచేయించాలి. నీలం, ఎరుపు కార్బన్ కాగితం పెట్టి ఎక్కడ ముందు తగులుతోందో చూసి తగ్గిస్తారు. జామకాయ, చెరకు, గట్టి జొన్న రొట్టె ముందు పళ్లతో కొరికి లాగే అలవాటు ఉంటే మాన్పించండి. ముక్కలు చేసి రెండు వైపులా దవడ పళ్లతో నమలమనండి. కానీ మీవాళ్లకు ఊడింది సంగటి తింటుంటే. సంగటికి ఏం బలం కావాలి? అందుకే నా అనుమానం బరువు మీద కంటే అతుకు మీదే ఎక్కువ.

రెండుసార్లు అతికించినా నిలవకపోవడానికి కారణం ఊహించగలను. రిపేరు చేసేది వేడి లేకుండా గట్టిపడే సెల్ఫ్ క్యూర్ ఆక్రిలిక్‌తో. అది కొన్ని నిమిషాల్లోనే బిగుస్తుంది కాబట్టి మోనోమర్‌కు ఇంకే వ్యవధి తక్కువ, అతుకు కూడా వేడి నీళ్లలో ఉడికించే పద్ధతి కంటే బలహీనం. దాన్నే మళ్లీ నున్నటి అడుగు మీద వేస్తే నిలవదు. ఈసారి ఇలా చేయమని అడగండి. పన్ను అడుగునూ గుంటనూ మెరుపు, పాత ఆక్రిలిక్ పోయేదాకా బర్‌తో తీయాలి. నాలుక వైపు నుంచి బేస్‌లో లోపలికి వెడల్పయ్యే గాడి కొట్టాలి. పెదవి వైపు అంచును మాత్రం ముట్టకూడదు, పన్ను పాత స్థానంలో కూర్చోవడానికి అదే గుర్తు. మూడు నిమిషాలు మోనోమర్ తడి ఉంచి, ఆక్రిలిక్ వేసి, 40 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లున్న, గాలి ఒత్తిడి పెట్టే ప్రెషర్ పాట్‌లో పెట్టాలి. గాల్లో వదిలేసి ఆరబెట్టకూడదు.

పన్ను అడుగు అద్దంలా మెరుస్తూ ఉంటే ఇంకో మాట. మిగతా పళ్లు కూడా అదే ఫ్లాస్క్‌లో, అదే నీళ్లలో, అదే చేతితో తయారైనవే. ఒకటి అతకలేదంటే పక్కవి అతికాయన్న నమ్మకం నాకుండదు. ఎనిమిది నెలల సెట్టే కాబట్టి, కట్టించిన చోటికే వెళ్లి ఈ విషయం చూపించి, బేస్ మళ్లీ కొత్తగా చేసి ఇవ్వమని మర్యాదగా అడగండి. అడగడంలో తప్పు లేదు. అక్కడ కుదరకపోతే కడప రిమ్స్ దగ్గరి ప్రభుత్వ డెంటల్ కాలేజీలో కట్టుడు పళ్ల విభాగం ఉంది, అక్కడ చూపించండి.

ముందు ఒక పని చేయండి. పన్నును కడిగి, బట్టతో తుడిచి, పగటి వెలుతురులో అడుగు వైపు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. సెట్టులో అది ఊడిన గుంట ఫోటో కూడా. కింది పళ్ల సంగతి రాయండి. చూసి రిపేరు సరిపోతుందా, కొత్త బేస్ కావాలా చెప్తాను.